జామాయిల్ బేరం: చెట్ల లెక్కా, చుట్టుకొలత లెక్కా?

కర్ర వ్యాపారంలో ఒక పాత అలవాటు ఉన్నది. తోట బేరానికి వెళ్లిన దళారీ గట్టు మీద నిలబడి అడిగే మొదటి ప్రశ్న, ఎకరాకు ఎన్ని చెట్లు అని. రైతు చెప్పే అంకె ఎంత పెద్దదైతే బయానా అంత పెరుగుతుంది. ఎకరాకు రెండు వేల చెట్లు అంటే ఖరీదుదారు ముఖం వికసిస్తుంది. ఏడు వందలు అంటే పెదవి విరుస్తాడు. ఈ ఒక్క ప్రశ్న మూలంగా రైతులు చిక్కగా నాటుతున్నారు, వర్తకులు సన్నకర్ర కొంటున్నారు, మిల్లు గేటు వద్ద తగాదాలు పడుతున్నారు. అడగవలసిన ప్రశ్న అది కాదని, సాలుకూ సాలుకూ, మొక్కకూ మొక్కకూ మధ్య ఎడం ఎంత, నాలుగున్నర అడుగుల ఎత్తున చెట్టు చుట్టుకొలత ఎంత అని అడగాలని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. తొలిరోజుల్లో నేను కూడా చెట్లు లెక్కబెట్టి చేతులు కాల్చుకున్నవాడినే. ఒంగోలు దిగువన నాలుగెకరాల తోట నిలువు బేరానికి తీసుకున్నాను. రెండు మీటర్ల సాళ్లు, సాలులో మీటరుకొక మొక్క. గట్టు వెంట నడిచి చూస్తే చెట్లు బలంగానే కనిపించాయి. ఐదు లారీలు దిగుతుందని అంచనా వేశాను. కోత మొదలైన రెండో రోజుకు సంగతి బయటపడింది. గట్టు వెంట ఉన్న రెండు సాళ్లకు ఎండ, నేల అదనంగా దొరుకుతాయి కనుక అవి లావెక్కాయి. లోపలి చెట్లు మణికట్టు లావు. కొన్ని నిలబడే చచ్చాయి. తూకానికి మూడు లారీలు దిగింది, అందులోనూ సన్నకర్ర పేరుతో కొంత తిరిగి వచ్చింది. నన్ను మోసం చేసింది రైతు కాదు. అతడు చెప్పిన చెట్ల లెక్క సరిగ్గానే ఉన్నది. నేను వేసిన ప్రశ్నే తప్పు.

ఎడం తగ్గితే ఏమి జరుగుతుంది?

ముందు అంకెలు చూద్దాము. ఎకరా అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఎడం 3 మీటర్లకు 3 మీటర్లు అయితే ఎకరాకు 450 చెట్లు పడతాయి. 3 కు 2 అయితే 674. 3 కు 1.5 అయితే దాదాపు 900. 2 కు 2 అయితే 1,012. 2 కు 1 అయితే 2,023. మీటరుకు మీటరు నాటితే నాలుగు వేల పైచిలుకు.

అయితే నేల ఒక్కటే, వాన ఒక్కటే. ఎకరాలో పడే నీరు, ఎండ, ఎరువు ఏడు వందల చెట్లు పంచుకున్నా, రెండు వేల చెట్లు పంచుకున్నా మొత్తం మారదు. జామాయిల్ కొమ్మలు ఒకదానికొకటి తగిలే వరకు చెట్లకు తగాదా లేదు. చిక్కని తోటలో ఆ తగాదా మొదటి ఏడాదిలోనే మొదలవుతుంది. పైన కొమ్మలు తగలకముందే కింద వేళ్లు కలుసుకుంటాయి. ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడే ఒంగోలు, కందుకూరు మెట్టల్లో మొదటి కొరత వెలుగుది కాదు, నీటిది.

ఇక్కడ వర్తకుడు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటున్నది. ఎడం తగ్గినందువల్ల చెట్టు ఎత్తు అంతగా తగ్గదు. తగ్గేది లావు. కనుక దూరం నుంచి చూస్తే చిక్కని తోట కూడా ఎత్తుగా, నిండుగా, లాభసాటిగా కనిపిస్తుంది. కన్ను ఎత్తును చూస్తుంది, కాటా లావును చూస్తుంది. మన నష్టమంతా ఈ రెండింటి మధ్యనే ఉన్నది.

ఈ విషయం తేల్చడానికి అటవీ శాస్త్రజ్ఞులు చాలా కాలంగా ప్రయోగాలు చేస్తున్నారు. దక్షిణాఫ్రికాలోని జులులాండ్ ప్రాంతంలో లాంగెపాన్ వద్ద 1952లో యూకలిప్టస్ గ్రాండిస్ తోట వేసి, వేర్వేరు సాంద్రతల్లో పెరుగుదలను ఏళ్ల తరబడి కొలిచారు. 1962లో నెల్డర్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు ఇంకొక ఉపాయం చెప్పాడు. బండిచక్రం ఆకుల మాదిరి మధ్య నుంచి బయటికి వరుసలు వేసి నాటడం. మధ్యన చెట్లు దగ్గర దగ్గరగా, అంచుకు పోయేకొద్దీ ఎడంగా ఉంటాయి. ఒక్క చెక్కలోనే అన్ని ఎడాలూ పరీక్షకు వస్తాయి. ఇటువంటి తోటలన్నీ మొత్తంమీద చెప్పేది ఒక్కటే. తొలి ఏళ్లలో చిక్కని తోటలో ఎకరా మొత్తం కర్ర ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. ఒక్కొక్క చెట్టు లావు మాత్రం ఎడం ఉన్న తోటలోనే ఎక్కువ.

కాటా లెక్క

టన్నుల లెక్కన అమ్ముకునే రైతు చిక్కగా నాటడం బొత్తిగా తెలివితక్కువ పని అని నేను అనను. ఆ వాదంలో కొంత నిజం ఉన్నది. ఆ నిజం ఎంతో లెక్క కట్టి చూద్దాము. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. వర్తకులు తమ తోటల కొలతలు వేసుకుని ఇదే లెక్క చేసుకోవచ్చు.

2 కు 1 ఎడంలో 2,023 చెట్లు, మొదలు చుట్టుకొలత సగటున 10 అంగుళాలు అనుకుందాము. 3 కు 2 ఎడంలో 674 చెట్లు, చుట్టుకొలత 15 అంగుళాలు. ఎత్తు సమానమైతే చెట్టులోని కర్ర చుట్టుకొలత వర్గాన్ని బట్టి ఉంటుంది. అనగా 10 కి 100 పాళ్లు, 15 కి 225 పాళ్లు. ఒక లావు చెట్టు రెండుంబావు సన్నచెట్లకు సమానం. చెట్ల సంఖ్యతో గుణిస్తే చిక్కని తోటలో 2,02,300 పాళ్లు, ఎడం తోటలో 1,51,650 పాళ్లు వస్తాయి. చిక్కని తోట మూడో వంతు ఎక్కువ. రైతు చూసేది ఇంతవరకే.

ఇప్పుడు గేటు వద్దకు వద్దాము. కొనేవాడు 6 అంగుళాల చుట్టుకొలతకు తక్కువ ఉన్న కర్ర తీసుకోడనుకుందాము. చెట్టు మొదట లావుగా ఉండి చివరికి మొనదేలుతుంది. ఆ లెక్కన 10 అంగుళాల చెట్టులో చివరి అరవై శాతం పొడవు పనికిరాదు. ఘనపరిమాణంలో అది 21.6 శాతం. 15 అంగుళాల చెట్టులో పోయేది 6.4 శాతమే. ఈ తరుగు తీసివేస్తే చిక్కని తోటలో మిగిలేది సుమారు 1,58,600 పాళ్లు, ఎడం తోటలో సుమారు 1,41,900 పాళ్లు. మూడో వంతు తేడా పన్నెండు శాతం లోపుకు దిగింది. ఇక చిక్కని తోటలో ఎండిన, అణగిపోయిన చెట్లు అదనంగా పదింటికొకటి ఉన్నా రెండు తోటలూ సమానమవుతాయి. అటువంటి తోటల్లో పదింటికొకటి పోవడం వింతేమీ కాదు.

కాటా మీద సమానమైతే ఖర్చులో సమానమా? కాదు. మొక్కలు మూడు రెట్లు కొనాలి. గుంతలు మూడు రెట్లు తీయాలి. ఒక టన్ను కర్రకు రెండు రెట్లకు పైగా చెట్లు నరకాలి. తోలు తీసే కూలీ కూడా పెరుగుతుంది. కర్ర సన్నబడేకొద్దీ టన్నుకు తోలు వైశాల్యం ఎక్కువ. 10 అంగుళాల కర్రకు 15 అంగుళాల కర్ర కంటే ఒకటిన్నర రెట్లు తోలు తీయాలి. నరుకుడు, తోలు, ఎగుమతి ఖర్చు ఖరీదుదారు మీద పడే నిలువు బేరాల్లో ఈ తేడా నేరుగా మన సంచిలో నుంచి పోతుంది. రైతుకు ఒక ధర, గేటు వద్ద ఒక ధర చూసి మధ్య మార్జిన్ తనదని సంతోషించే వర్తకుడు కూలీ చిట్టా ఒకసారి తిరగేయడం మంచిది.

గింజ మొక్క వేరు, క్లోన్ మొక్క వేరు

చిక్కగా నాటే అలవాటు ఎక్కడిదని అడగవచ్చు. అది గింజ మొక్కల కాలం నాటిది. కర్ణాటకలో నంది కొండల నుంచి వచ్చిన మైసూరు గమ్ రకాన్నే చాలాకాలం మన ప్రాంతాల్లో వేశారు. గింజ మొక్కల్లో పది మొక్కలు పది తీరుల పెరుగుతాయి. నాలుగు ముందుకు దూకుతాయి, మూడు మధ్యస్థం, మూడు పనికిరావు. కనుక నాలుగు మొక్కలు ఎక్కువ నాటడం ఒక రకం భీమా. బలమైనవి బలహీనాలను అణచి పైకి వచ్చేవి.

క్లోన్ మొక్కలతో పరిస్థితి మారింది. భద్రాచలం వద్ద సారపాకలో 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఐ.టి.సి. కాగితపు మిల్లు 1989లో క్లోన్ల పరిశోధన ప్రారంభించి, 1992 నుంచి మొక్కలను రైతుల పొలాలకు చేర్చింది. గింజ తోటల్లో ఏడాదికి హెక్టారుకు 6 నుంచి 10 ఘనపు మీటర్ల కర్ర వస్తే గొప్ప. మంచి క్లోన్ తోటలో 20 దాటుతుంది. ఈ పెరుగుదలకు కారణం రకం ఎంపిక. క్లోన్ తోటలో ప్రతి మొక్కా ఒక్క తల్లి నుంచి వచ్చినదే, అన్నింటిదీ ఒకే బలం. ఒకటి మరొకదాన్ని తేలికగా అణచదు. చిక్కగా నాటితే కొన్ని ఓడి కొన్ని గెలవడం ఉండదు, అన్నీ కలిసి సన్నబడతాయి. గింజ తోటలో భీమాగా పనిచేసిన అలవాటు క్లోన్ తోటలో అప్పుగా మారింది. మొక్క ఖరీదు పెరిగిన తరువాత కూడా పాత ఎడమే పాటించడం రెండు విధాల నష్టం.

ఆగగల తోట, ఆగలేని తోట

మార్కెట్ వారికి అన్నింటికంటే ముఖ్యమైన విషయం ఇది. వేరుశనగ, మిర్చి గోదాములో నిల్వ చేస్తాము. జామాయిల్ నిల్వ చేసే గోదాము తోటే. ధర మందకొడిగా ఉంటే ఒక ఏడాది నరకకుండా ఆగవచ్చు. చెట్టు కుళ్లదు, పైగా పెరుగుతుంది. మరే సరుకుకూ లేని సౌకర్యం ఇది. కాని ఈ సౌకర్యం ఎడం ఉన్న తోటకే దక్కుతుంది. చిక్కని తోట మూడో ఏడాదికే ఊపిరాడక నిలిచిపోతుంది. అక్కడి నుంచి ఆగిన ప్రతి ఏడాదీ పెరుగుదల అంతంతమాత్రం, చావులు అధికం. కనుక చిక్కని తోట రైతు ధర ఎంతున్నా అమ్మవలసిందే. అటువంటి తోటలు ఒక ప్రాంతంలో ఒకే అదనున వేస్తే అన్నీ ఒకే అదనున సంతకు వస్తాయి. ఒత్తిడి అమ్మకాలు మొదలవుతాయి, ధర కూలుతుంది.

ఇది ఊహ కాదు. గుజరాత్, హర్యానా, పంజాబ్, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లలో 1980 దశకం మొదట్లో రైతులు విరివిగా యూకలిప్టస్ వేశారు. సన్నని వాసాలకు మంచి ధర వస్తుందన్న ఆశతో చాలామంది బాగా చిక్కగా నాటారు. ఆ దశకం రెండో సగంలో తోటలన్నీ ఒక్కసారి కోతకు వచ్చాయి. వాసాల గిరాకీ అంతటి సరుకును మోయలేకపోయింది. ధర పడిపోయింది, చాలామంది రైతులు తోటలు తవ్వేశారు. ఎన్.సి. సక్సేనా 1994లో ఈ ఉదంతంపై ఒక పుస్తకమే రాశారు. ఆ తోటలు ఎడంగా ఉండి ఉంటే కొందరైనా రెండేళ్లు ఆగి లావుకర్ర అమ్ముకునేవారు. సన్న వాసానికి గిరాకీ తగ్గినప్పుడు సన్న వాసాల తోటకు ఇంకొక దారి లేదు.

మన వద్ద కూడా కొనుగోలుదార్లు వేళ్లపై లెక్కించదగినవారే. 2014లో కాగజ్‌నగర్‌లోని సిర్పూరు మిల్లు మూతపడి 2018లో తిరిగి తెరుచుకునేవరకు నాలుగేళ్లపాటు ఆ గేటు లేదు. ఒక గేటు మూసుకుంటే ఏమవుతుందో ఆ ప్రాంతపు కర్ర వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. అటువంటి సమయంలో ఆగగల శక్తి ఎవరికి ఉంటే వారిదే బేరం. ఆ శక్తి నాటిన రోజే, తాడు పట్టి గుంతలు గుర్తు పెట్టిన రోజే నిర్ణయమైపోతుంది.

ఈ నిర్ణయం ఒక్క పంటతో పోదు. నరికిన మోడు నుంచి పిలకలు వస్తాయి. వాటిలో ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేసి రెండో కోత, మూడో కోత తీసుకుంటారు. మొదట్లో వేసిన ఎడమే పన్నెండేళ్ల వరకు రైతునూ, అతని నుంచి కొనే వర్తకుణ్ణీ వెంటాడుతుంది.

అందరికీ ఒకటే ఎడమా?

కాదు. ఎడం ఎంత ఉండాలో సరుకు చెబుతుంది. పొగాకు బ్యారన్లకు, ఇటుక బట్టీలకు పోయే వంటచెరకుకు లావుతో పని లేదు, చిక్కగా నాటి తొందరగా కోసినా తప్పులేదు. ధర మాత్రం వంటచెరకు ధరే. సెంట్రింగ్ వాసాలు లెక్కన అమ్ముడవుతాయి కనుక వాటికీ చిక్కని నాటు సరిపోతుంది. అయితే ఇళ్ల పనుల్లో ఇనుప జాకీలు వచ్చిన తరువాత ఆ గిరాకీని నమ్ముకుని పన్నెండేళ్ల తోట వేయడం సాహసమే. ప్లైవుడ్ పొరలు తీయడానికి లావుదుంగ కావాలి, దానికి 3 కు 3 గాని అంతకు మించి గాని ఎడం, అదనపు వయసు అవసరం. హర్యానాలోని యమునానగర్ పొరల యంత్రాలకు పాప్లర్‌తో పాటు యూకలిప్టస్ దుంగలు పెద్దయెత్తున చేరుతున్నాయంటే లావుకున్న విలువ ఏమిటో తెలుస్తుంది.

గుజ్జు కర్రకు మధ్యేమార్గం మేలు. బ్రెజిల్‌లో సాధారణంగా హెక్టారుకు 1,100 నుంచి 1,670 మధ్య నాటి ఆరేడేళ్లకు కోస్తారు. అక్కడి వానలు వేరు, ఓపిక వేరు. నాలుగేళ్లకే కోసే మన రైతుకు 3 కు 2 గాని, నేల బలంగా ఉంటే 3 కు 1.5 గాని సరిపోతుంది. కోత తొందరైతే ఎడం కొంత తగ్గవచ్చు, కోత ఆలస్యమైతే పెరగాలి. మరీ ఎడం చేయడమూ మంచిది కాదు. తొలి రెండేళ్లు నేల ఖాళీగా ఉండి కలుపు పెరుగుతుంది, కొమ్మలు లావెక్కుతాయి, ఎకరా దిగుబడి తగ్గుతుంది.

సాళ్ల మధ్య 3 మీటర్లు ఉంచి సాలులో కొంచెం దగ్గరగా నాటడం వల్ల ఇంకొక సౌలభ్యం ఉన్నది. ట్రాక్టరు నడుస్తుంది, కలుపు కూలీ తగ్గుతుంది. చెట్టుకు దక్కే నేల చతురస్రమైనా కొంత పొడవాటి దీర్ఘచతురస్రమైనా పెరుగుదలలో పెద్ద తేడా రాదు. జంట సాళ్లు దగ్గరగా వేసి, జంటల మధ్య వెడల్పు వదిలి మిర్చి, పత్తి, అపరాలు వేసే పద్ధతిని గోదావరి తీరపు రైతులు చేపట్టారు. చెట్టు కోతకు వచ్చేలోపు పంట చేతికి వస్తుంది కనుక ఆ రైతు అప్పుకోసం కర్రను ముందే తెగనమ్మడు.

వర్తకులు చేయవలసినది

తప్పంతా రైతు మీద వేయడం న్యాయం కాదు. సన్నదీ లావుదీ కలిపి ఒకే ధరకు కొనేది మనము. లావు కర్రకు టన్నుకు ఒక రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకుండా, ఎడంగా నాటమని సలహా చెబితే ఏ రైతు వింటాడు? అతడు వేసిన లెక్క మనమిచ్చే ధరను బట్టి వేసిందే.

కనుక నాలుగు పద్ధతులు అలవరచుకోవాలి. బయానా కాగితంలో ఎకరాలు, చెట్ల సంఖ్యతో పాటు ఎడం ఎంత, క్లోన్ నంబరు ఏది, నాటిన నెల ఏది, ఎన్నో కోత అన్నది రాయాలి. గట్టు సాళ్లు విడిచిపెట్టి, తోట లోపల పదేసి సాళ్లకొక చోట నాలుగున్నర అడుగుల ఎత్తున టేపు చుట్టి సగటు కట్టాలి. ఒక గంట పని, కొన్ని వేల రూపాయల రక్షణ. చుట్టుకొలతను బట్టి కనీసం రెండు తరగతులుగా ధర చెప్పాలి. మిల్లులు కూడా గేటు వద్ద తిరగ్గొట్టడం బదులు లావుకు ప్రోత్సాహక ధర ప్రకటించాలి. ఇందులో ఎవరికీ దానం లేదు. తోలు, నరుకుడు, తరుగులో మిగిలే సొమ్ములోనే కొంత రైతుకు పోతుంది.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది. తరగతులు పెడితే కాటా వద్ద మరో తగాదా, దళారీకి మరో చేతివాటం అంటారు. నిజమే, ఆ ప్రమాదం ఉన్నది. కాని పత్తిలో పింజ, మిర్చిలో రంగు, పసుపులో కొమ్ము, కాయ చూసి ధర కట్టడం మన యార్డులకు కొత్త కాదు. రంగు విషయంలో ఇద్దరికి రెండు అభిప్రాయాలు ఉండవచ్చును. టేపు ఇద్దరికీ ఒకే అంకె చూపుతుంది. సరుకులన్నింటిలో తగాదా లేకుండా తరగతి కట్టదగినది ఏదైనా ఉంటే అది కర్రే.

తొలకరికి మళ్లీ నాట్లు పడతాయి. మన ఊళ్లో ఏ రైతు తాడు పట్టుకుని పొలంలో గుర్తులు పెడుతున్నా, నాలుగేళ్ల తరువాత మన లారీలోకి ఎక్కే సరుకు ఆ రోజే తయారవుతున్నదని గ్రహించాలి. అప్పుడు వెళ్లి, చుట్టుకొలత ఉన్న కర్రకు ఎక్కువ ధర ఇస్తానని ఒక్క మాట చెప్పే వర్తకుడు తన లాభాన్ని కూడా ఆ గుంతలోనే నాటుకుంటాడు. చెప్పనివాడు నాలుగేళ్ల తరువాత గట్టు మీద నిలబడి, ఎకరాకు ఎన్ని చెట్లని మళ్లీ అడుగుతాడు.